తూటాలపెట్టె

1999వ సంవత్సరమున కార్గిల్ యుద్ధములో మన సైనికుల ఇన్సాస్ తుపాకులు కొన్ని మొరాయించినవి. వాని మేగజైనులు, అనగా తూటాలు నింపెడు పెట్టెలు, ప్లాస్టిక్‌తో చేయబడినవి. కొండచలికి పగుళ్లు వారినవి. ఎదుట శత్రువు, చేత పగిలిన పెట్టె! స్వదేశమున తయారైనదను గౌరవముచే ఈ లోపమును కప్పిపుచ్చుట దేశభక్తి కానేరదు.

ఉక్కుపెట్టెయే శరణ్యమని కొందఱందురు. మేమంత తేలికగా అంగీకరింపజాలము. ఏకే-47 యొక్క ఉక్కుపెట్టె దృఢమైనదే, కాని బరువైనది. క్రిందపడి దాని పైయంచులు ఏమాత్రము వంగినను తూటా తిన్నగా లోనికి పోదు. వంగినదానిని సుత్తితో సరిచేయుట వంటయింటి చెంబునకు చెల్లునుగాని ఆయుధమునకు చెల్లదు. చెమ్మ తాకినచో తుప్పు పట్టును. కావున విప్పి, తుడిచి, నూనె పలుచగా పూయవలెను. అధికమైనచో ధూళి నాకర్షించును. లోని స్ప్రింగు సడలినచో మార్చివేయవలెను. తగిలించునపుడు ముందుకొనను మొదట ఆనించి, వెనుకభాగమును గొళ్లెము పడువఱకు లాగవలెను. సగము పట్టినది తుపాకి పేలుచుండగా జారిపోవును.

అమేఠీ జిల్లా కోర్వాలో తయారగు ఏకే-203 తుపాకికిని ప్లాస్టిక్ పెట్టెయే యున్నది. లోహమా, ప్లాస్టికా యను వాదముకంటె, ఏ చలిలో, ఏ ధూళిలో పరీక్షించితిరన్న ప్రశ్నయే ముఖ్యము. 2021లో ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ కంపెనీలను నెలకొల్పిరి. ఆ కంపెనీలు తయారుచేయు పెట్టెలను సియాచిన్ చలిలోను, రాజస్థాన్ ఇసుకలోను పరీక్షించి, ఫలితములను పార్లమెంటు ముందుంచవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.