ప్రశ్నను ఇంటికి తీసుకుపోయిన పంతులుగారు

హూవిన హడగలి పేరు మన పాఠకులకు కొత్త కాదు. మదరాసు రాజధానిలోని పాత బళ్ళారి జిల్లా వూరది. 1953లో జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా, హడగలి మైసూరులో చేరింది. 2021 నుండి విజయనగర జిల్లాలో వున్నది. ఎల్లలు ఎన్నిసార్లు మారితేనేమి, 1920 సెప్టెంబరు 10వ తేదీన అక్కడ ఒక తెలుగింట పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు రెండు వైపుల వారికీ సొంతమే గదా!

గణాంక శాస్త్రంలో ఆయన కీర్తి జగమెరిగినది. నేను చెప్పదలచినది ఆయన పంతులుతనాన్ని గురించి.

తండ్రిగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వల్ల పిల్లవాని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ సాగింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. ఆ సంగతి ఆయనే తన పుస్తకం అంకితంలో వ్రాసుకున్నారు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. కోరిన ఉద్యోగం దొరకలేదు గాని, మహలనోబిస్‌గారి భారత గణాంక సంస్థ దొరికింది. 1941లో అక్కడ శిక్షణకు చేరారు. 1944 నాటికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు.

ఆనాటి పాఠం ఇటువంటిది. తాలూకాలో జొన్న ఎంత పండిందో తెలియాలంటే ప్రతి చేనూ కొలవలేము. కొన్ని చేలు చూసి అంచనా వేస్తాము. మొగ్గు లేకుండా ఎంత నేర్పుగా అంచనా వేసినా, తేడా ఇంతకంటె తగ్గదనే హద్దు ఒకటి వుంటుంది. చూసిన చేలు చాలా ఎక్కువైనప్పటి సంగతి ఫిషర్‌ పండితుడు చెప్పి వున్నాడు. “చూసినవి కొద్ది చేలే అయితేనో?” అన్న అర్థం వచ్చే ప్రశ్న ఒక విద్యార్థి వేశాడు.

పాఠంలో లేదని కూర్చోబెట్టవచ్చును. రావుగారు ఆ ప్రశ్నను ఇంటికి తీసుకుపోయారు. రాత్రంతా దానితో కుస్తీపట్టి, మరునాటికి జవాబు సాధించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే, స్వీడనులో విడిగా కనుగొన్న క్రామర్ పేరు కూడా కలిపి, క్రామర్-రావు హద్దు అంటున్నారు.

ఇంతకూ ఆ విద్యార్థి ఎవరు? వి.ఎం. దండేకర్! ఆయన పెద్ద అర్థశాస్త్రవేత్త అయి, 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశపు పేదరికాన్ని లెక్కగట్టి చూపాడు. ఒక ప్రశ్నతో గురువుకూ కీర్తి వచ్చింది, శిష్యుడూ పైకి వచ్చాడు.

రావుగారి వద్ద పరిశోధించి డాక్టరేటు పొందినవారు యాభైమందికి పైనే. వారిలో ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్‌కు 2007లో ఏబెల్ బహుమతి వచ్చింది. ఇతరులు విశ్రాంతి కోరుకునే వయసులో ఈయన అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గులోనూ, 1988 నుండి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. ఆ 1945 నాటి పనికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది. అదే ఏడు ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన ఎల్లప్రాంతపు పిల్లల సంగతి చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పై చదువుకు ఇంగ్లీషు. మాట తప్పుతుందేమోనన్న జంకుతో ఎన్ని ప్రశ్నలు గొంతులోనే ఆగిపోతున్నవో! పైకి వచ్చిన ఒకటి రెండింటిని “నోరుమూసుకొని చదువుకో” అని మనమే నొక్కివేస్తున్నాము. జవాబు తెలియకపోతే తప్పు లేదు. “రేపు చెబుతాను” అనండి. అన్నందుకు రేపు తప్పక చెప్పండి.