కంప్యూటర్లు ఇచ్చిండ్రు సరే, నెట్ బిల్లు ఎవరు కట్టాలె?

సర్కారు బడికి కంప్యూటర్లు వచ్చిన రోజు రిబ్బన్ కటింగ్ ఉంటది, ఫొటోలు ఉంటయి. నెట్ బిల్లు వచ్చిన రోజు మాత్రం హెడ్మాస్టర్ ఒక్కడే ఉంటడు. మన బడుల్లో డిజిటల్ చదువు ఆగిపోయేది అక్కడే.

2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ఒక హామీ ఇచ్చారు. భారత్‌నెట్ కింద గ్రామీణ ప్రాంతాల్లోని ప్రభుత్వ సెకండరీ స్కూళ్లన్నిటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తమన్నరు. మంచిదే. కానీ "గ్రామీణ", "సెకండరీ" అనే రెండు మాటల దగ్గర ఆగి ఆలోచించండి. నయాపూల్ దాటి, హైకోర్టు, సిటీ కాలేజీ వెనకేసుకుని పాతబస్తీ గల్లీల్లోకి పోతే కనిపించే సర్కారు బడి గ్రామీణం కాదు. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలో మా గూడెం ప్రాథమిక పాఠశాల సెకండరీ కాదు. రెండు బడులూ ఆ హామీకి బయటే ఉన్నయి. రెండింటిలోనూ చదివేది పేదల పిల్లలే.

ఇప్పుడున్న లెక్క చూద్దాం. సమగ్ర శిక్ష కింద కంప్యూటర్ ల్యాబుకు ఒక్కసారి 6.40 లక్షల దాకా, నిర్వహణకు ఏడాదికి 2.40 లక్షల దాకా ఇస్తరు. అది కూడా ఐదేండ్లే, ఆరో తరగతి నుంచి పైన ఉన్న బడులకే. ఆరో ఏడు ఎవరు కట్టాలె? ఇక 30 మంది లోపు పిల్లలున్న బడికి వచ్చే స్కూల్ గ్రాంటు ఏడాదికి 10 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే. నెలకు 400 రూపాయల నెట్ ప్లాన్ తీసుకున్నా ఏడాదికి 4,800. సగం గ్రాంటు దానికే పోతది.

మరి పైసలు లేవా? ఉన్నయి. టెలికాం కంపెనీలు తమ లెక్కగట్టిన ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవల నిధికి కడ్తయి. దాని పేరే ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. అంటే మనం చేయించే రీచార్జి పైసల్లోంచి పోయేదే. 2023 టెలికాం చట్టం ఈ నిధిని సేవలు అందని గ్రామీణ, మారుమూల ప్రాంతాలతో పాటు పట్టణ ప్రాంతాలకూ వాడొచ్చని చెప్పింది. కాబట్టి పాతబస్తీకి చట్టం అడ్డు కాదు. అమెరికాలో 1996 చట్టం తర్వాత ఇట్లాంటి నిధి నుంచే బడుల నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా భరిస్తున్నరు. బడిలో పేద పిల్లలు ఎంత ఎక్కువుంటే రాయితీ అంత ఎక్కువ.

మన దగ్గర కూడా దారి ఉంది. 2024 టీచర్స్ డే నాడు తెలంగాణ ప్రభుత్వం సర్కారు విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ప్రకటించింది. కరెంటు బిల్లు భరించగలిగిన ప్రభుత్వం నెట్ బిల్లు ఎందుకు భరించలేదు?

"ముందు టీచర్లు, మరుగుదొడ్లు చూడండి" అంటరు కొందరు. అవీ కావాలె. నెట్ టీచరుకు బదులు కాదు. గోండి, కోయ మాట్లాడే పిల్లకు, ఉర్దూ మీడియం పిల్లకు పాఠం విప్పి చెప్పేది మనిషే. కానీ ప్రైవేటు బడి పిల్ల మొదటి తరగతి నుంచే నేర్చుకునేది మా పిల్లలు డిగ్రీకి వచ్చినంక మొదలుపెడితే పోటీ ఎట్ల సమానమైతది?

అందుకే అడుగుతున్నం:

1. ప్రాథమిక బడులు, ఆశ్రమ పాఠశాలలు, పట్టణ బడులు సహా ప్రతి సర్కారు బడి నెట్ బిల్లు రాష్ట్ర బడ్జెట్లో శాశ్వత పద్దుగా పెట్టాలె.
2. భారత్‌నెట్ తీగ పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగొద్దు. దూరంగా ఉన్న గూడెం బడి దాకా రావాలె.
3. రిపేరుకు మండలానికో మనిషిని, చెడిపోయిన సామాన్ల మార్పుకు ఏటా నిధిని ఇయ్యాలె.
4. ఏ బడికి ఎంత వచ్చింది, నెట్ ఎన్ని రోజులు నడిచింది అనేది బడి గోడ మీద రాయాలె.

మీ ఊరి బడికి, మీ బస్తీ బడికి ఈ వారం పోండి. కంప్యూటర్లు ఎన్ని ఉన్నయని కాదు, నెట్ నడుస్తున్నదా, బిల్లు ఎవరు కడ్తున్నరని అడగండి.