చేతిబొమ్మకు ఊలు జుట్టు

పాత మేజోటితో చేతిబొమ్మ చెయ్యడం చాలా ఇళ్లలో తెలిసిన పనే. కొసలో దూది కూరి తల కడతాం. బొత్తాలు కుట్టి కళ్లు పెడతాం. ఎర్రదారంతో నోరు కుడతాం. అక్కడికి మన ఓపిక అయిపోతుంది. నాలుగు ఊలు పోగులు తెచ్చి నడినెత్తిన జిగురుతో అంటించి, “ఇదిగో బొమ్మ” అని పిల్లల చేతికిచ్చేస్తాం. మర్నాడు సాయంత్రానికి ఆ బొమ్మ బోడిగుండుతో మంచం కింద కనిపిస్తుంది.

ఈ వారం ఆ జుట్టు సంగతే రాస్తాను. ఇది అంత చిన్న విషయం కాదు సుమండీ. చేతిబొమ్మ ముఖం మారదు. నవ్వుముఖం కుడితే ఏడవవలసిన చోట కూడా నవ్వుతూనే ఉంటుంది. ఇక కదిలేవేమిటి? చేతులు, మెడ, జుట్టు. విసురుగా తల తిప్పితే జడ గిర్రున తిరిగి భుజాన పడుతుంది. బొమ్మకు కోపం వచ్చిందని చూసేవాళ్లకు తెలుస్తుంది. తల వంచితే ముంగురులు కళ్ల మీదికి వాలతాయి. సిగ్గో, దుఃఖమో అనుకుంటారు. జిగురు పూసిన జుట్టు ఆరి అట్టముక్కలాగా బిగుసుకుపోతుంది. బొమ్మ ఆడుతుంది గాని జుట్టు ఆడదు. ఒకసారి ఉతికితే ఆ అంటించినది కూడా ఊడి వస్తుంది.

జుట్టును బట్టి మనిషిని పోల్చుకోవడం మన బొమ్మలాటవాళ్లకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో బంగారక్కతో కయ్యాలాడి జనాన్ని నవ్వించే హాస్యగాడి పేరే జుట్టుపోలిగాడు. పేరులోనే జుట్టు ఉంది, చూశారా! శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలకు నగలూ, జడలూ, పూలూ అన్నీ తోలుమీదే సన్నని రంధ్రాలు పొడిచి, రంగులు వేసి తీరుస్తారు. అది తరతరాల విద్య. మన చేతిలో ఉన్నది ఊలు, సూది. వాటితో ఎంతవరకు చెయ్యగలమో చూద్దాం.

అంతకు ముందు ఒక్క మాట చెప్పాలి. మా అక్కయ్య మనవరాలికి ఆరేళ్లు. తలనిండా ఉంగరాల జుట్టు. వాళ్ల నాయనమ్మ పోలిక. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల రోజూ అద్దం ముందు నిలబడి, తడిదువ్వెనతో జుట్టు అణిచి అణిచి దువ్వుకునేది. ఎందుకమ్మా అంటే జవాబు లేదు. దాని బొమ్మలపెట్టె తీసి చూశాను. అయిదు బొమ్మలున్నాయి. అయిదింటికీ సాఫీగా జారే జుట్టే. అందులో మూడింటికి పసుపుపచ్చ జుట్టు. దాని జుట్టులాంటి జుట్టున్న బొమ్మ ఒక్కటీ లేదు.

నేనొక చేతిబొమ్మ కుట్టి, తలనిండా నల్లని ఉంగరాల ఊలు జుట్టు పెట్టి ఇచ్చాను. రెండురోజులు ముట్టుకోలేదు. మూడోనాడు మధ్యాహ్నం, నేను నిద్రపోతున్నాననుకుని, బొమ్మను చేతికి తొడుక్కుని మాట్లాడించింది. “నన్ను బళ్లో కొబ్బరిపీచు అంటారు. నా పక్కన ఎవరూ కూచోరు” అన్నది బొమ్మ. పిల్ల అనలేదు, బొమ్మ అన్నది. ఏడాది పొడుగునా కన్నతల్లికి కూడా చెప్పని మాట అది! బళ్లు తెరిచాక తల్లి వెళ్లి ఉపాధ్యాయినితో మాట్లాడి వచ్చింది. అంతటితో అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. కాని పిల్ల మనసులో ఉన్నది ఇంట్లోవాళ్లకు తెలిసింది. తమ నోటితో చెప్పుకోలేనిది పిల్లలు బొమ్మ నోటితో చెప్పగలరు. ఆ బొమ్మ తమలాగే ఉంటే మరీ సులువుగా చెబుతారు.

కనుక నా మొదటి సలహా ఇది: ఊలు కొనడానికి వెళ్లేముందు మీ పిల్ల జుట్టు ఒకసారి చూడండి. నలుపా, గోధుమ వన్నె కలిసిన నలుపా? ఉంగరాలా, సాఫీయా? దానినిబట్టి ఊలు ఎంచుకోండి.

అంగళ్లలో ఊలు అని అమ్మేది చాలావరకు అక్రిలిక్ నూలు. ఏది ఏదో తెలుసుకోవాలంటే ఒక పోగును పట్టకారుతో పట్టుకుని, కింద పళ్లెం పెట్టి, దీపానికి తాకించండి. పిల్లలను మాత్రం దూరంగా ఉంచండి. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ అయితే కరిగి, గట్టి నల్లపూసలాగా ముద్దకడుతుంది. సాఫీ జుట్టుకూ, జడలకూ అక్రిలిక్ చాలు; చవక, ఉతకడానికీ సులువు. ఉంగరాల జుట్టుకు మాత్రం అసలు ఉన్నే మంచిది. తడిపి ఆరబెడితే ఏ వంపులో ఆరితే ఆ వంపులో నిలుస్తుంది.

ఎటువంటి జుట్టు పెట్టినా ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. జుట్టు రంగు గుడ్డముక్కను టోపీలాగా కత్తిరించి బొమ్మ నెత్తికి చుట్టూ కుట్టేయండి. అప్పుడు పోగులు ఎక్కడైనా పక్కకు తొలగినా కింద తెల్లని మాడు కనిపించదు.

ఇక జడల జుట్టు. 9 అంగుళాల పొడుగున్న అట్ట తీసుకుని, దాని పొడుగు వెంట ఊలు 80 చుట్లు చుట్టండి. ఒకవైపు అంచున మాత్రమే కత్తిరిస్తే 18 అంగుళాల పోగులు 80 వస్తాయి. ఇందుకు పట్టేది 40 గజాలు. 25 గ్రాముల చిన్న ఉండ ఉంటే ఇంకా మిగులుతుంది. జుట్టు రంగులోనే 4 అంగుళాల సన్నని రిబ్బను ముక్క పరిచి, పోగుల నడిభాగం దానిమీదికి వచ్చేటట్లు ఒత్తుగా పేర్చండి. మధ్యగా నిలువునా కుట్టుమిషనుతో రెండుసార్లు కుట్టండి. మిషను లేకపోతే చేతితో దగ్గరదగ్గరగా వెనకకుట్టు వెయ్యండి. ఆ కుట్టే పాపిట. రిబ్బను కిందికి ఉండేటట్లు దీనిని నుదుటి పైనుంచి మెడ వెనక దాకా తలమీద పెట్టి, అదే గీత వెంట టోపీగుడ్డకు పట్టించి మళ్లీ కుట్టండి. తరువాత రెండువైపులా జుట్టును చెవుల దాకా దువ్వినట్లు సర్ది, అక్కడ నాలుగేసి కుట్లతో తలకు పట్టించండి. ఈ చెవి దగ్గర కుట్లు మరిచిపోతే జుట్టంతా విసనకర్రలాగా విప్పుకుంటుంది. ఆ పైన రెండు జడలు అల్లి, కొసలు దారంతో బిగించి, రిబ్బన్లు కట్టండి. ఒంటిజడే కావాలంటే రెండు పాయలనూ మెడ వెనకకు తెచ్చి ఒకటిగా అల్లవచ్చు.

ఉంగరాల జుట్టుకు రెండురోజులు పడుతుంది. ఉన్నిని సన్నని అల్లికసూదులతో నాలుగువేళ్ల వెడల్పున పొడుగాటి పట్టీగా అల్లండి. దానిని నీళ్లలో బాగా నానబెట్టి, పిండి, నీడన పూర్తిగా ఆరనివ్వండి. తడి ఏ మాత్రం మిగిలినా ఉంగరాలు నిలవవు. ఆరిన తరువాత అల్లిక విప్పెయ్యండి. పోగంతా ఉంగరాలు ఉంగరాలుగా వస్తుంది. సూదులు ఎంత సన్నవయితే ఉంగరాలు అంత చిన్నవి.

దీనిని పెద్ద కన్నున్న సూదికి ఎక్కించి, మెడ దగ్గర మొదలుపెట్టండి. ఒక చిన్న కుట్టు వేసి, చూపుడువేలు అడ్డుపెట్టి ఆ వేలి లావున ఊలు వదులుగా విడవండి. పక్కనే ఇంకొక చిన్న కుట్టు బిగించి వెయ్యండి. ఒకటి వదులు, ఒకటి బిగువు; అంతే. వరుస పూర్తికాగానే అర అంగుళం పైన రెండో వరుస. ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్లు కిందినుంచి పైకి రావాలి. అప్పుడు పైవరుస కిందివరుస కుట్లను కప్పుతుంది. ఈ జుట్టును దువ్వకండి, కత్తిరించకండి. దువ్వితే ఉంగరాలు విడిపోయి నిజంగానే పీచు అవుతుంది.

తాతయ్య బొమ్మకు ఇదే కుట్టు తెల్ల ఊలుతో, ఒక చెవినుంచి మరో చెవి దాకా తల వెనక మాత్రమే రెండు వరుసలు వేస్తే చాలు. నడినెత్తి ఖాళీగా వదిలెయ్యండి. ఇంట్లో తాతయ్యగారు కోప్పడితే నేను బాధ్యురాలిని కాదు!

ఒక హెచ్చరిక. పసిపిల్లలున్న ఇంట్లో పొడుగు పోగులు వద్దు. ఊడిన పోగు పసివాళ్ల వేలికి చుట్టుకుంటే నెత్తురు ఆడదు. మెడకు చుట్టుకుంటే మరీ ప్రమాదం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మకు జుట్టును గుడ్డ మీదనే దారంతో కుట్టుపనిగా తీర్చండి. బొత్తాల కళ్లు కూడా ఆ వయసుకు పనికిరావు, నోట్లో వేసుకుంటారు. అవీ దారంతోనే కుట్టండి.

అంతా అయిన తరువాత బొమ్మను జుట్టు పట్టుకుని పైకెత్తి, గట్టిగా ఊపి చూడండి. నిర్దయగా ఉన్నదంటారా? మీ పిల్లలు ఎలాగూ చేసేది అదే. ఎక్కడ కుట్టు సాగితే అక్కడ మరో రెండు కుట్లు వెయ్యండి. ఉన్నిజుట్టును వేడినీళ్లలో వేసి రుద్దకండి. ముద్దకట్టి మళ్లీ విడదు. చల్లనీళ్లలో ముంచి, మెల్లగా నొక్కి, నీడన ఆరవెయ్యండి.

మిగిలిన ఊలు పారెయ్యవద్దు. చిన్న ఉండగా చుట్టి బొమ్మతోపాటే దాచండి. ఆడుకునే బొమ్మకు జుట్టు ఊడక మానదు. ఊడిన రోజున మీరు సూది పుచ్చుకోకండి. పిల్ల చేతికి ఊలూ, మొండికొస సూదీ ఇచ్చి పక్కన కూచోండి. వంకరగా కుడుతుంది, కుట్టనివ్వండి. తన చేతులతో కుట్టిన జుట్టును పిల్ల ఎవరి మాటలకూ తీసిపారెయ్యదు.