కౌన్సెలర్ ఉంటే చాలదు.. గ్రూప్‌ను నడిపించగలనన్న నమ్మకం ఉందా? కొలిచేదెలా?

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాల్సిందే.. విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదొకటి. మరి వందల మందికి ఒక్కరే ఉంటే? అందరితో విడివిడిగా మాట్లాడటం కష్టమే. పది మందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాల్సి వస్తుంది. అసలు పరీక్ష అక్కడే.

గ్రూప్‌లో ఒకరు ఆపకుండా మాట్లాడతారు. ఇంకొకరు నోరే విప్పరు. ఒకరు ఏడ్చేస్తే మిగతావాళ్లు బిగుసుకుపోతారు. ఇదంతా సంభాళించగలనన్న నమ్మకం లేకపోతే కౌన్సెలర్ ఆ సెషన్‌ను కాస్తా క్లాసుగా మార్చేస్తారు. పిల్లలు విని వెళ్లిపోతారు. మనసులో మాట మనసులోనే ఉండిపోతుంది.

ఈ నమ్మకానికి సైకాలజీలో సిద్ధాంతం ఉంది. 1977లో ఆల్బర్ట్ బందూరా ప్రతిపాదించారు. గ్రూప్‌లను నడిపేవారి కోసమే 2001లో అమెరికా పరిశోధకులు ఓ ప్రశ్నావళి తెచ్చారు. 'ఈ పని నేను చేయగలనా?' అని కౌన్సెలర్ తనకు తానే మార్కులు వేసుకోవాలి. ట్రైనింగ్‌కు ముందు, తర్వాత పోల్చి చూస్తే ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది.

అయితే నమ్మకం వేరు, నైపుణ్యం వేరు. పని లోతు తెలియనివాళ్లే ఎక్కువ మార్కులు వేసుకోవచ్చు. ట్రైనింగ్ తర్వాత మార్కులు తగ్గాయంటే నష్టమనీ చెప్పలేం.. తమ లోపం తెలిసొచ్చి ఉండొచ్చు. అందుకే సీనియర్ ఒకరు సెషన్‌లో కూర్చుని చూడాలి. పిల్లల అభిప్రాయమూ తీసుకోవాలి. మార్కులు తక్కువని ఉద్యోగానికి ఎసరు పెడితే మాత్రం.. నిజం ఎవరూ రాయరు.