బోరు బండివాళ్లను చిట్టా అడుగుదాం

సోమందేపల్లె చుట్టూ బండరాయే. నీళ్లుండేది దాని పగుళ్లలోనే. పగులు తగలగానే నీళ్లు ఎగజిమ్ముతాయి. బండివాళ్లు "మూడించులు" అంటారు, మనం అప్పు చేసి మోటారు తెస్తాం. అది పగుళ్లలో నిలవున్న నీరు కావచ్చు. గంటసేపన్నా గాలి కొట్టించి, ధార నిలకడకొచ్చాక వి ఆకారంలో కోసిన రేకుతో కొలవాలి. మర్నాడు తాడుకు గుండు కట్టి వదిలి మట్టం చూడాలి. మూడొందల అడుగుల్లో తగిలిన నీరు పైకి లేచి నూరడుగుల దగ్గర నిలిస్తే, ఆ పగులులో రెండొందల అడుగుల నీటి ఒత్తిడి ఉన్నట్టు. మోటారు ఎంత లోతుకు దించాలో తేల్చేది ఈ లెక్కలే.

ఇది ఇంజనీర్ల పనేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన పథకంలో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల రైతులే బావుల మట్టాలు కొలిచి రాసుకున్నారు. అడుగు లెక్కన డబ్బు తీసుకునేవాళ్లకు ఏ అడుగులో ఎంత నీరు తగిలిందో రాసివ్వడానికి ఏం అడ్డం? 2002 వాల్టా చట్టం కింద రిగ్గులకు రిజిస్ట్రేషన్ ఉంది. దానికే ఈ చిట్టా షరతు పెట్టించాలని సంఘం అడగాలి. అందాకా, చిట్టా చేతికి రానిదే చివరి బాకీ కట్టొద్దు.