బిగువైన బూటు వెచ్చనిది కాదు

సంపాదకులకు,

శీతకాలమున కేదారకంఠ శిఖర మెక్కువారు పాదమున కంటుకొనునంత బిగువైన జలనిరోధక బూట్లు కొని, లోపల రెండు జతల నూలు మేజోళ్ళు తొడిగిన చాలునని గతవారపు వ్యాసకర్త సెలవిచ్చినారు. ఈ సలహా హానికరము. వేడిని పుట్టించునది బూటు గాదు, దేహము. పాదమునకు దానిని చేరవేయునది రక్తము. బిగువు ఆ రక్తప్రసారము నడ్డగించి, మేజోళ్ళ పోగుల నడుమ నిలువవలసిన గాలిని వెడలగొట్టి, వ్రేళ్ళను మొద్దుబార్చును. నూలు చెమటను పీల్చి విడువదు. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును.

ఇక జలనిరోధకత్వము: సుమారు 12,500 అడుగుల ఆ శిఖరమునకు వేకువకు ముందే బయలుదేరి మోకాటిలోతు మంచున నడచిన నాడు, నా బూటులో నీరు చొచ్చినది తోలునుండి కాదు, చీలమండ చుట్టునున్న పైయంచునుండి. అట్లు వచ్చిన నీటిని బయటికి పోనీయక భద్రముగా కాపాడినది ఆ జలనిరోధకపు పొరయే! పిక్కలను కప్పు గెయిటర్లను గూర్చి వ్యాసమున నొక్కమాటయు లేకపోవుట చింత్యము.

పాదములు కొంత ఉబ్బియుండు సాయంవేళ, దళసరి ఉన్నిమేజోళ్ళతో తొడిగి చూచి, వ్రేళ్ళు కదలాడు బూటునే కొనవలెనని నా మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ