బొమ్మ ఎడ్లు కాదు, బతికున్న చేను కావాలి

పాతకాలపు సేద్యం పిల్లలకు చూపించాలంటే అమీన్‌పూర్‌లో అందరూ శిల్పారామం పేరెత్తుతారు. అక్కడి పల్లె బొమ్మలు నాకూ ఇష్టమే. కాని బొమ్మ ఎద్దుకు మేత వేయనక్కర్లేదు, పేడ తీయనక్కర్లేదు. సేద్యమంటే ఆ చాకిరే కదా!

నేను అడిగేది రెండెకరాల చేను. మృగశిరలో వాన పడగానే నాగలి కట్టాలి. జొన్న సాళ్ల నడుమ కంది, పెసర కలిపి వేయాలి. పెసర ముందు ఇంటికొస్తుంది, తర్వాత జొన్న, అన్నిటికంటే ఆఖరున కంది. ఒకటి ఎండినా ఇంకోటి ఆదుకునేది. మా నాయన లెక్క అదే. కలుపు తీత, మంచె మీద పిట్టల కాపలా, కల్లంలో తూర్పార పట్టడం, గుమ్ముల్లో గింజ దాచడం... బడి పిల్లలు ఏడాది పొడుగునా వచ్చి చేయాలి. ఆదివారం ఫొటోల బాపతు వద్దు.

విత్తనానికి కొదవ లేదు. 1972లో పటాన్‌చెరులో పెట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కున్న జన్యునిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ వంటి పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. అయితే చల్లటి గదిలోని గింజ గుంటుక తోలడం నేర్పదు. అది తెలిసినవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు: జహీరాబాద్ వైపు సంక్రాంతికి ఎడ్లబండ్లపై పాతపంటల జాతర నడిపే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు. 2019లో ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకే వచ్చింది. ఉపన్యాసానికి కాదు, జీతమిచ్చి పిలవండి.

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. కొంగలకు దక్కిన ఆ గౌరవం పొలాలకు దక్కలేదు, అవి ప్లాట్లయ్యాయి. అధికారులారా, సర్కారు భూమి కొంతైనా మిగిలుండగానే రెండెకరాలు కేటాయించండి. వచ్చే మృగశిరకు నాగలి కడదాం.